జాన్ ఆమోస్ కొమీనియస్

జాన్ ఆమోస్ కొమీనియస్ (మార్చి 28, 1592 - నవంబరు 15, 1670) నేటి చెక్ రిపబ్లిక్‌లోని మొరేవియా ప్రాంతానికి చెందిన విద్యావేత్త, క్రైస్తవ మతాచార్యుడు, పాఠ్యపుస్తక రచయిత. చెక్ భాషలో ఈయన పేరు యాన్ ఆమోస్ కొమెన్‌స్కీ. లాటిన్ రచనలపై వేసుకున్న కొమీనియస్ అన్న రూపమే లోకంలో స్థిరపడింది. ఇంట్లో మాట్లాడని భాషను పిల్లలకు ఎలా నేర్పాలన్న సమస్యపై ఈయన నలభై ఏళ్ళకు పైగా పనిచేశాడు. ఆ కృషి ఫలితంగా 1658లో వెలువడిన 'ఓర్బిస్ సెన్సువాలియుం పిక్టుస్' (కళ్ళకు కనిపించే ప్రపంచం, బొమ్మలలో) అనే సచిత్ర లాటిన్ వాచకం రెండు శతాబ్దాల పాటు ఐరోపా బడులలో వాడుకలో ఉంది.

ఆధునిక విద్యకు పితామహుడని ఈయనను పేర్కొనడం పరిపాటి. మన దేశంలో ఉపాధ్యాయ శిక్షణ పొందేవారికి ఈ పేరు సాధారణంగా విద్యా తత్త్వశాస్త్రంలో ఒక పేరాగా తారసపడుతుంది. కొమీనియస్ తరగతి గదిలో ఏమి గమనించాడో, తన పుస్తకాలను తానే ఎన్నిసార్లు దిద్దుకున్నాడో ఆ ఒక్క పేరాలో ఇమడదు.

బాల్యం, విద్యాభ్యాసం

కొమీనియస్ జన్మస్థలంపై ఏకాభిప్రాయం లేదు. మొరేవియా ఆగ్నేయ భాగంలోని నివ్నిత్సె, ఉహెర్‌స్కీ బ్రోద్, కొమ్నా అనే మూడు ఊళ్ళు ఆ గౌరవం తమదేనంటాయి. ఇంటిపేరు మాత్రం కొమ్నా గ్రామం నుంచి వచ్చింది. తండ్రి మార్టిన్, తల్లి అన్న. వీరిది యాన్ హుస్ బోధనల వారసత్వంలో ఏర్పడిన సోదర సమాజం అనే చిన్న ప్రొటెస్టెంటు శాఖ. పన్నెండేళ్ళు నిండేసరికి తల్లిదండ్రులు, ఇద్దరు తోబుట్టువులు మరణించగా, బాలుడు స్ట్రాజ్నిట్సె పట్టణంలోని మేనత్త ఇంటికి చేరాడు. 1605లో హంగరీ వైపు నుంచి వచ్చిన దండు ఆ పట్టణాన్ని తగలబెట్టింది. చదువు మళ్ళీ ఆగిపోయింది.

సమాజం వారు నడిపే ప్షెరోవ్ లాటిన్ బడిలో 1608లో చేరే నాటికి ఆయనకు పదహారేళ్ళు. తోటి విద్యార్థులలో చాలామంది తనకంటె చిన్నవారు. ఆనాటి ఐరోపాలో లాటిన్ ఎవరికీ మాతృభాష కాదు. అయినా విశ్వవిద్యాలయం, చర్చి, న్యాయస్థానం, రాయబారం అన్నీ లాటిన్‌లోనే నడిచేవి. కనుక పై చదువుకు పోదలచిన ప్రతి బాలుడూ అన్యభాష నేర్చే విద్యార్థే. నేర్పే పద్ధతి ఏమిటంటే, లాటిన్ వ్యాకరణ సూత్రాలను లాటిన్‌లోనే కంఠస్థం చేయించడం. భాష రానివాడికి ఆ భాషలోనే దాని సూత్రాలు చెప్పడమన్నమాట. అర్థం కాకపోతే బెత్తం ఉండనే ఉంది.

మన పక్క శబ్దమంజరి, అమరకోశం వల్లె వేయించిన కాలం తెలిసినవారికి ఇది కొత్తగా అనిపించదు. మన అమరకోశానికి కనీసం శ్లోకపు నడక తోడుండేది. ప్షెరోవ్ బాలురకు ఆ సాయం కూడా లేదు. పదహారేళ్ళవాడు కనుక కొమీనియస్ ఇది తన మందబుద్ధి వల్ల వచ్చిన కష్టం కాదని, పాఠం అమరికలోనే లోపముందని గుర్తించగలిగాడు. పదేళ్ళ పిల్లవాడికైతే ఆ తేడా తెలిసే అవకాశం తక్కువ.

1611 నుంచి 1613 వరకు జర్మనీలోని హెర్బోర్న్ విద్యాపీఠంలోను, తరువాత హైడల్‌బర్గ్ విశ్వవిద్యాలయంలోను చదివాడు. హెర్బోర్న్‌లో ఆల్‌స్టెడ్ అనే ఆచార్యుడు సమస్త విజ్ఞానాన్ని ఒక క్రమంలో పెట్టి గ్రంథస్థం చేయడానికి పూనుకున్నవాడు. ఆయన ప్రభావం కొమీనియస్‌పై జీవితాంతం ఉంది. పిల్లలకు ముందుగా మాతృభాషలోనే చదువు చెప్పాలని వాదించిన రాట్కె ప్రతిపాదనలు కూడా ఆ రోజుల్లోనే ఆయన దృష్టికి వచ్చాయి. 1614లో హైడల్‌బర్గ్‌లో కోపర్నికస్ స్వదస్తూరీతో ఉన్న ఖగోళ గ్రంథపు రాతప్రతిని కొన్నాడు. సూర్యుని చుట్టూ భూమి తిరుగుతుందన్న సిద్ధాంతాన్ని మాత్రం ఆయన ఒప్పుకోలేదు. చదువు ముగించి స్వదేశానికి కాలినడకన తిరిగి వచ్చాడు.

తొలి ఉద్యోగం, యుద్ధం

తాను చదివిన ప్షెరోవ్ బడిలోనే 1614లో ఉపాధ్యాయుడయ్యాడు. తన విద్యార్థుల అవస్థ చూసి వ్యాకరణ సూత్రాలను సులభతరం చేస్తూ ఒక చిన్న పుస్తకం రాశాడు. అది 1616లో ప్రాగ్‌లో అచ్చయింది. ఇప్పుడు దాని ప్రతి ఒక్కటీ లేదు. పాఠ్యపుస్తక రచనలో ఇదే ఆయన తొలి అడుగు.

1618లో ఫుల్నెక్ పట్టణంలో సమాజపు బోధకుడిగాను, బడి పెద్దగాను నియమితుడై, అదే ఏడు మాగ్దలేనాను వివాహమాడాడు. ఐరోపాను చిన్నాభిన్నం చేసిన ముప్పై ఏళ్ళ యుద్ధం మొదలైనది కూడా ఆ సంవత్సరమే. 1620 నవంబరు 8న ప్రాగ్ దగ్గరి తెల్లకొండ పోరులో చెక్ ప్రొటెస్టెంట్లు ఓడిపోయారు. మరుసటి ఏడు ఫుల్నెక్ శత్రుసేనల వశమైంది. కొమీనియస్ పారిపోయి, జెరోతిన్ అనే ప్రభువు ఎస్టేట్లలో అజ్ఞాతంగా తలదాచుకున్నాడు. 1622లో భార్య, ఇద్దరు పసిబిడ్డలు అంటువ్యాధికి బలి అయ్యారు. 1623లో ఫుల్నెక్‌లో వదిలి వచ్చిన ఆయన పుస్తకాలను తగలబెట్టారు. ఆ ఏడే ఆయన 'ప్రపంచమనే పద్మవ్యూహం, హృదయ స్వర్గం' అని అర్థం వచ్చే గ్రంథం చెక్ భాషలో రాశాడు. చెక్ వచన సాహిత్యంలో అది శ్రేష్ఠ రచనగా నిలిచింది.

కాథలిక్ మతం స్వీకరించనివారు దేశం విడిచిపోవాలన్న శాసనం రావడంతో 1628 ఫిబ్రవరిలో రెండవ భార్య దోరోతతో కలిసి సరిహద్దు కొండలు దాటి పోలండులోని లెష్నో చేరాడు. అప్పటికి ఆయనకు ముప్పై ఆరేళ్ళు నిండవస్తున్నాయి. ఆ తరువాత నలభై రెండేళ్ళు బ్రతికాడు గాని స్వదేశంలో మళ్ళీ నివసించలేదు.

భాషల ద్వారం

లెష్నోలో సమాజం వారి ఉన్నత పాఠశాలలో కొమీనియస్ ఉపాధ్యాయుడయ్యాడు. అక్కడే 1631లో 'యానువా లింగ్వారుం రెసెరాటా' ప్రచురించాడు. తెరిచిన భాషల ద్వారమని ఆ పేరుకు అర్థం. ఈ తరహా ఆలోచన ఆయనది మాత్రమే కాదు. విలియం బాత్ అనే ఐర్లండు జెసూట్ 1611లో స్పెయిన్‌లోని సలమాంకా నుంచి 'యానువా లింగ్వారుం' అనే వాక్యసంచయాన్ని వెలువరించి ఉన్నాడు. ఆ పుస్తకంలో వాక్యానికీ వాక్యానికీ పొంతన లేదని కొమీనియస్ అభిప్రాయం. ఆయన తన పుస్తకాన్ని వంద అధ్యాయాలుగా, వెయ్యి వాక్యాలుగా, సుమారు ఎనిమిది వేల మాటలతో కూర్చాడు. సృష్టితో మొదలై పంచభూతాలు, చెట్లు, జంతువులు, మానవదేహం, చేతివృత్తులు, ఇల్లు, పట్టణం, రాజ్యం, నీతి ఇలా విషయక్రమంలో సాగుతుంది. అమరకోశంలో స్వర్గవర్గం, వనౌషధివర్గం వంటి విభజన ఉంది కదా, ఆ పోలిక ఇక్కడ పనికివస్తుంది. తేడా ఏమిటంటే యానువాలో మాటలు పర్యాయపదాల జాబితాగా గాక వాక్యాలలో, పక్కన పిల్లవాడి మాతృభాషలోని వాక్యంతో కలిసి వస్తాయి.

పుస్తకం రచయిత ఊహించనంతగా వ్యాపించింది. పది పన్నెండు ఐరోపా భాషలలోకి పోయింది. అరబిక్, తుర్కీ, పర్షియన్ భాషలలోకి కూడా అనువదించారు.

ఇంత కీర్తి తెచ్చిన పుస్తకం చిన్నపిల్లలకు కొరుకుడు పడలేదు. ఇది గమనించినవాడు స్వయంగా కొమీనియసే. అరవైయేళ్ళ వయసులో కూడా ఈ పుస్తకాన్ని ఇంకా దిద్దుతూనే ఉన్నాడు. ఎనిమిది వేల మాటలు ఒక్కొక్కటి ఒకేసారి రావాలని ఆయన పెట్టుకున్న నియమం అసలు చిక్కు. ఆ నియమం వల్ల వాక్యాలు బిగుసుకుపోయాయి. పిల్లవాడికి ఈ రోజు కలిసిన మాట మళ్ళీ ఎప్పుడూ కలవదు. కొత్త మాట పదిచోట్ల పది రకాలుగా ఎదురైతే తప్ప నోటికి రాదని భాష నేర్పే ఏ ఉపాధ్యాయుడికైనా రెండు మూడేళ్ళలో బోధపడుతుంది. 1633లో ఆయన 'వెస్టిబులుం' అనే చిన్న వాచకం రాశాడు. ద్వారం ముందుండే వసారా అని ఆ మాటకు అర్థం. దీనిలో సుమారు వెయ్యి మాటలు, 427 చిన్న వాక్యాలు ఉన్నాయి. గుమ్మం దాటలేని పిల్లల కోసం అరుగు కట్టాడని చెప్పుకోవచ్చు. ఆ అరుగుకు బొమ్మలు కూడా ఉండాలని ఆయన కోరిక. అందుకు ఇంకా పాతికేళ్ళు పట్టింది.

పాఠం ఎలా ఉండాలి

లెష్నోలోని తొలి సంవత్సరాల్లోనే ఆయన బోధనాశాస్త్రంపై తన పెద్ద గ్రంథం పూర్తిచేశాడు. ముందు చెక్ భాషలో రాశాడు. స్వదేశం తిరిగి దక్కితే బడులన్నీ మళ్ళీ కట్టాలి గదా అన్న ఆశతో రాసిన పుస్తకమది. ఆశ నెరవేరలేదు. పుస్తకాన్ని లాటిన్‌లో తిరగరాశాడు. 'డిడాక్టికా మాగ్నా' పేరుతో 1657లో అచ్చయినది ఈ లాటిన్ రూపమే. చెక్ రాతప్రతి 1841లో లెష్నోలో పుర్కిన్యె అనే శాస్త్రజ్ఞుడికి దొరికి, 1849లో ప్రచురితమైంది.

అన్ని కులాల, అన్ని అంతస్తుల బాలబాలికలకు చదువు చెప్పాలన్నది ఈ గ్రంథం మూలసూత్రం. ఆరేళ్ళ వరకు తల్లి ఒడి, పన్నెండు వరకు మాతృభాషా పాఠశాల, పద్దెనిమిది వరకు లాటిన్ పాఠశాల, ఆపై విశ్వవిద్యాలయం అని నాలుగు దశలను సూచించాడు. మాతృభాషలో పునాది పడకుండా లాటిన్ మొదలుపెట్టడం నడక రాని బిడ్డను గుర్రమెక్కించడం వంటిదన్న భావం ఆయన వాదంలో అంతర్లీనంగా ఉంది. భాషల నేర్పుకు ప్రత్యేకంగా ఒక అధ్యాయం కేటాయించాడు. మాతృభాషకు ఎనిమిది పదేళ్ళు, పొరుగు జాతి భాషకు ఒక ఏడు, లాటిన్‌కు రెండేళ్ళు చాలునని లెక్క కట్టాడు. లాటిన్ లెక్క అతి ఆశాజనకమైనదే. ఒక భాష ఒకసారి, ఒకదాని వెంట ఒకటి నేర్పాలన్న సూచన మాత్రం గట్టిది.

పాఠం సిద్ధం చేసుకునే తీరుపై ఆయన చెప్పినవి నేటికీ తరగతి గదిలో అక్కరకు వచ్చేవే. వస్తువు ముందు, మాట తరువాత. ఉదాహరణ ముందు, సూత్రం తరువాత. వస్తువును చూపవచ్చు, ముట్టించవచ్చు, వాసన చూపించవచ్చు. అసలు వస్తువు దొరకకపోతే దాని నమూనా, అదీ లేకపోతే బొమ్మ. దగ్గరిది ముందు చెప్పి దూరపుది తరువాత చెప్పాలి. వ్యాకరణం చెప్పవలసి వస్తే పిల్లవాడికి తెలిసిన భాషతో ఎక్కడ తేడా వస్తుందో అంతవరకే చెప్పాలి, తెలిసిందే మళ్ళీ చెప్పి విసిగించకూడదు. మాట్లాడడం మాట్లాడుతూ, రాయడం రాస్తూ నేర్చుకోవాలి. చదువు రానందుకు కొట్టకూడదు. విద్యార్థికి నేర్చుకోవాలని అనిపించకపోతే ఆ లోపం నేర్పేవాడిది. దెబ్బలు దుష్ప్రవర్తనకే పరిమితం కావాలన్నాడు. ఇందులోని రెండవ భాగాన్ని మనం ఈనాడు ఒప్పుకోము గాని, ఆనాటికి మొదటి భాగం చెప్పడమే సాహసం. మాతృభాషా పాఠశాలలో రోజుకు నాలుగు గంటల చదువు చాలునని, ఉదయం బుద్ధికి, జ్ఞాపకానికి సంబంధించినవి, మధ్యాహ్నం చేతికి, గొంతుకు సంబంధించినవి ఉంచాలని వేళలు కూడా నిర్ణయించాడు.

అన్నిటితోనూ ఏకీభవించనక్కరలేదు. ఒకే ఉపాధ్యాయుడు వందమంది పిల్లలకు ఒకేసారి బోధించగలడని ఆయన నమ్మాడు. పదిమందికి ఒక పెద్దను నియమించి వారిచేత అప్పగింతలు వినిపిస్తే సరిపోతుందన్నాడు. అరవైమంది ఉన్న తరగతిలో కొత్త భాష నేర్పినవారెవరూ దీన్ని సులభంగా ఒప్పుకోలేరు.

లండన్, స్వీడన్, ఎల్బింగ్

కొమీనియస్ దృష్టిలో పాఠ్యపుస్తకాలు చిన్న పని. ఆయన అసలు ఆశయం 'పాన్‌సోఫియా', అంటే సమస్త జ్ఞానాన్ని ఒకటిగా కూర్చి మానవజాతి కలహాలను మాన్పడం. ఆ ప్రణాళిక గురించి విన్న శామ్యూల్ హార్ట్‌లిబ్, ఆయన మిత్రులు 1641లో కొమీనియస్‌ను లండన్‌కు రప్పించారు. పండితుల విద్యాపీఠం ఒకటి నెలకొల్పుదామని అనుకున్నారు. ఐర్లండులో తిరుగుబాటు, ఇంగ్లండులో అంతర్యుద్ధ సూచనలు రావడంతో ఆ మాట మూలపడింది. 1642లో లండన్ విడిచి, దారిలో హాలండులో తత్త్వవేత్త డెకార్ట్‌ను కలిశాడు. ఇద్దరూ మర్యాదగా మాట్లాడుకుని, ఎవరి అభిప్రాయంతో వారు విడిపోయారు.

తరువాతి ఆశ్రయం స్వీడన్ నుంచి వచ్చింది. సంపన్న వర్తకుడు లూయీ డి గేర్ ధనసహాయం చేస్తానన్నాడు. ప్రధానమంత్రి ఊక్సెన్‌షెర్నా ఆయనను లోతుగా ప్రశ్నించి, పాన్‌సోఫియా తరువాత చూడవచ్చు, ముందు స్వీడన్ బడులకు లాటిన్ పుస్తకాలు కావాలని తేల్చాడు. బాల్టిక్ తీరంలోని ఎల్బింగ్ పట్టణంలో ఆయన ఆరేళ్ళు ఆ పనిలో కూర్చున్నాడు. నిఘంటువులు, వ్యాకరణాలు రాయడం ఆయనకు భారమనిపించింది. ఇంగ్లండు మిత్రులు ఇలాంటి స్వల్ప విషయాలకు కాలం వెచ్చిస్తున్నందుకు నిందించారు. పోషకుడు మాత్రం ఆలస్యమైందని తొందరపెట్టాడు. చేత చిల్లిగవ్వ లేని శరణార్థికి రెండు వైపులా మాట పడక తప్పలేదు. ఈ కాలంలో తయారైన 'నూతనతమ భాషాబోధనా పద్ధతి' అనే గ్రంథంలో మాట, భావం, వస్తువు మూడూ సమాంతరంగా ఎదగాలని వివరించాడు.

1648లో వెస్ట్‌ఫాలియా ఒప్పందంతో యుద్ధం ముగిసింది. ఆ ఒప్పందంలో చెక్ ప్రొటెస్టెంట్లకు స్వదేశం తిరిగి రాలేదు. అదే ఏడు దోరోత మరణించింది. సోదర సమాజం ఆయనను బిషప్‌గా ఎన్నుకుంది. చెల్లాచెదరైన సమాజానికి ఆయనే చివరి బిషప్పు అవుతాడని అప్పుడు అనుకున్నారు. 1649లో యానా అనే ఆమెను మూడవ వివాహం చేసుకున్నాడు.

షారోష్‌పటక్ పాఠశాల

హంగరీ ఈశాన్య భాగంలోని షారోష్‌పటక్‌లో రాకోట్సి వంశపు రాణి లోరాంత్‌ఫీ జుజన్నా, భర్త గతించిన తరువాత, తన ఊరి బడిని చక్కదిద్దమని కొమీనియస్‌ను 1650లో ఆహ్వానించింది. నాలుగేళ్ళు అక్కడ పనిచేశాడు. ఏడు తరగతులతో ఆదర్శ పాఠశాలను తలపెట్టాడు. తెరవగలిగినవి మూడు తరగతులే. తగినంతమంది ఉపాధ్యాయులు లేరు, పుస్తకాలు లేవు, ఉన్న పిల్లలకు ఉత్సాహం లేదు. సోమరితనాన్ని బడి నుంచి ఎలా తరమాలో వివరిస్తూ 1652లో ఒక చిన్న గ్రంథమే రాశాడు. అందులో సోమరిపోతు విద్యార్థితో పాటు సోమరి ఉపాధ్యాయుడికి కూడా చీవాట్లు పెట్టాడు.

వయసు అరవైకి చేరినా ఇక్కడ ఆయన మళ్ళీ తరగతి గదిలోని పిల్లలను దగ్గరగా చూశాడు. యానువా వారికి విసుగు పుట్టించడం కళ్ళారా గమనించాడు. ఆ గమనింపు నుంచి రెండు పుస్తకాలు పుట్టాయి.

మొదటిది 'స్కోలా లూడుస్', అంటే ఆటగా సాగే బడి. యానువాలోని విషయాన్నే ఎనిమిది నాటకాలుగా మార్చాడు. టాలమీ రాజు తన కొలువుకు పండితులను పిలిచి ప్రపంచంలోని వస్తువుల పేర్లు, తీరు చెప్పమంటాడు. పిల్లలే పాత్రలు ధరించి, వస్తువులు తెచ్చి చూపి, వాటి గురించి లాటిన్‌లో మాట్లాడతారు. బడిలో నాటకమేమిటని ముందు కొందరు పెద్దలు అభ్యంతరం చెప్పారు. తల్లిదండ్రుల ఎదుట ప్రదర్శనలు జరిగాక ఆ నోళ్ళు మూతబడ్డాయి. నాటకంగా చూస్తే వీటిలో కథ పెద్దగా లేదు. పుస్తకంలో చచ్చిపడి ఉన్న వాక్యం పిల్లవాడి నోట మరొక పిల్లవాడికి జవాబుగా మారడమే ఇందులో జరిగిన మేలు. ముక్కున పట్టి చదివిన దానికంటె వేషం వేసి చెప్పిన మాట ఎక్కువ కాలం గుర్తుంటుంది. బడి వార్షికోత్సవంలో వేషం వేసిన ప్రతివారూ దీనికి సాక్షులే.

రెండవది బొమ్మల వాచకం.

బొమ్మల ప్రపంచం

ఓర్బిస్ పిక్టుస్ రాతప్రతి షారోష్‌పటక్‌లోనే తయారైంది. కొయ్య దిమ్మలపై బొమ్మలు చెక్కగల పనివారు ఆ పరిసరాలలో లేరు. ప్రతిని జర్మనీలోని నూరెంబర్గ్‌కు పంపవలసి వచ్చింది. అక్కడ మిఖాయెల్ ఎండ్టర్ అనే ప్రచురణకర్త 1658లో లాటిన్, జర్మన్ భాషలలో దీనిని అచ్చువేశాడు.

పుస్తకం ఆరంభంలో గురువు, బాలుడు మాట్లాడుకుంటారు. తరువాత అక్షరమాల. అక్షరానికొక జంతువు బొమ్మ, ఆ జంతువు చేసే చప్పుడు ఉంటాయి. కాకి, గొర్రెపిల్ల, పాము, తోడేలు, బాతు ఇలా. మన 'అ' అంటే అమ్మ, 'ఆ' అంటే ఆవు అన్నప్పుడు పిల్లవాడు మాటలోని మొదటి అక్షరాన్ని విడదీసి వినాలి. కొమీనియస్ జంతువు కూతనే అక్షరధ్వనిగా పెట్టాడు. కూత కూయని పిల్లవాడుండడు కనుక చదువు కేరింతలతో మొదలవుతుంది.

తరువాత నూట యాభై అధ్యాయాలు. ప్రతి అధ్యాయానికీ పైన ఒక బొమ్మ, కింద రెండు వరుసలలో లాటిన్, మాతృభాష వాక్యాలు. బొమ్మలోని ప్రతి వస్తువుకూ ఒక అంకె ఉంటుంది. వాక్యంలో ఆ వస్తువు పేరు పక్కన అదే అంకె. పిల్లవాడు అంకె పట్టుకుని మాట నుంచి బొమ్మకు, బొమ్మ నుంచి మాటకు తిరుగుతాడు. గురువు పక్కన లేకపోయినా అర్థం దొరుకుతుంది. బొమ్మలలో పేర్లు రాసి గీతలు గీసే నేటి పాఠ్యపుస్తకాల పద్ధతికి ఇది దగ్గరి పూర్వరూపం.

విషయాలు చాలావరకు పిల్లలు రోజూ చూసేవే: రొట్టెలు కాల్చడం, తేనెటీగలు, గొర్రెల కాపరి, దర్జీ, మంగలి దుకాణం, తోటపని, ఓడ మునగడం. బడి అధ్యాయం ప్రత్యేకంగా చూడదగినది. కుర్చీలో గురువు, బల్లలపై పిల్లలు, సుద్దతో రాసిన బోర్డు కనిపిస్తాయి. కొందరు రాస్తుంటారు, కొందరు లేచి నిలబడి అప్పజెపుతుంటారు. ఒక పక్క కబుర్లు చెప్పుకునే పిల్లలు, వారి కోసం బెత్తం కూడా అంకెలతో సహా ఉన్నాయి. తన కాలపు బడిని కొమీనియస్ ఉన్నదున్నట్లు చూపాడు.

కంటికి కనిపించని వాటి దగ్గర ఆయన ఇబ్బంది పడ్డాడు. ఆత్మకు బొమ్మ కావలసి వచ్చినప్పుడు తెరపై చుక్కలతో గీసిన మనిషి ఆకారం వేయించాడు. నీతి గుణాలను స్త్రీమూర్తులుగా చూపించాడు. పొరుగింటి దర్జీని చూసినంత తేలికగా పిల్లవాడు నిగ్రహాన్ని చూడలేడు. ఇక్కడ బొమ్మ అర్థాన్ని చెప్పదు, అర్థం తెలిసినవారే బొమ్మను పోల్చుకోవాలి. ఒక అధ్యాయంలోనే పాతిక, ముప్పై కొత్త మాటలు కుక్కడం అన్న పాత అలవాటు కూడా పూర్తిగా పోలేదు.

పుస్తకం వాడే తీరు ముందుమాటలో వివరించాడు. బడిలో చేరక ముందే ఇంట్లో పిల్లల చేతికిచ్చి బొమ్మలు చూసుకోనివ్వాలి. ఇది ఏమిటి, దీన్ని ఏమంటారని అడుగుతుండాలి. బొమ్మలను చూసి వేయాలనిపిస్తే వేయనివ్వాలి. వీలైనప్పుడు అసలు వస్తువును కూడా తెచ్చి చూపాలి. అంటే బొమ్మతోనే ఆగిపొమ్మని ఆయన చెప్పలేదు. ఈ మాట పాటించక, పటం గోడకు తగిలిస్తే చాలుననుకున్న బడులు తరువాతి కాలంలో ఎన్నో వచ్చాయి.

పిల్లలకు ప్రపంచంలో మొదటి బొమ్మల పుస్తకం ఇదేనని తరచుగా రాస్తుంటారు. ఈ మాట పూర్తిగా సరికాదు. బొమ్మలున్న అక్షరమాల పుస్తకాలు అంతకు ముందే ఉన్నాయి. బొమ్మలతో లాటిన్ నేర్పవచ్చునని లూబినుస్ అనే జర్మన్ పండితుడు 1614లోనే సూచించాడు. బొమ్మను అలంకారంగా గాక పాఠానికి ఆధారంగా చేసి, పుస్తకం మొత్తాన్ని ఆ పద్ధతిలో నడపడం, అది ఇంత విస్తారంగా వ్యాపించడం కొమీనియస్ ఘనత. 1659లో చార్లెస్ హూల్ అనే లండన్ ఉపాధ్యాయుడు ఆంగ్లంలోకి తెచ్చాడు. 1666లో లాటిన్, జర్మన్, ఇటాలియన్, ఫ్రెంచి నాలుగు భాషల ప్రతి వచ్చింది. జర్మన్ మహాకవి గోథే తన చిన్ననాటి పుస్తకాలలో దీనిని ఆత్మకథలో తలచుకున్నాడు.

లెష్నో దహనం, ఆమ్‌స్టర్‌డామ్

1654లో హంగరీ విడిచి కొమీనియస్ లెష్నోకు తిరిగి వచ్చాడు. మరుసటి ఏడు స్వీడన్ రాజు పోలండుపై దండెత్తగా, ప్రొటెస్టెంటు రాజు వల్ల తమవారికి మేలు కలుగుతుందని ఆశించి ఆయనను కీర్తిస్తూ రాశాడు. ఇది తెలివైన పని కాదు. 1656 ఏప్రిల్‌లో పోలండు సేనలు లెష్నోను తగలబెట్టాయి. ఇల్లు, గ్రంథాలయం, రాతప్రతులు దగ్ధమయ్యాయి. విద్యార్థి దశలో హెర్బోర్న్‌లో మొదలుపెట్టి నలభై ఏళ్ళకు పైగా పోగుచేసిన చెక్ భాషా నిఘంటువు కూడా ఆ మంటల్లో పోయింది. ఆయన ఎక్కువగా దుఃఖించినది ఆ నిఘంటువు గురించే. పరాయి భాష నేర్పే పుస్తకాలు దేశదేశాల అచ్చులో భద్రంగా ఉన్నాయి. మాతృభాషకు చేసిన సేవ ఒక్కటే ప్రతిగా ఉండి బూడిదయింది.

డి గేర్ కుమారుడు లారెన్స్ ఆయనను ఆమ్‌స్టర్‌డామ్‌కు పిలిపించాడు. నగర పాలకులు ఆదరించారు. వారి తోడ్పాటుతో 1657లో ఆయన విద్యా రచనలన్నీ నాలుగు భాగాల సంపుటంగా వెలువడ్డాయి. అదే ఏడు సమకాలికులు కొందరు చెప్పిన రాజకీయ జోస్యాలను కూడా సేకరించి ప్రచురించాడు. ఆ జోస్యాలు ఫలించలేదు. వాటివల్ల కలిగిన అపఖ్యాతి చాలాకాలం వెంటాడింది. పియెర్ బేల్ తన నిఘంటువులో ఆయనను విమర్శించాడు. పద్దెనిమిదవ శతాబ్దం చివర అడెలుంగ్ అనే పండితుడు మానవుల వెర్రితనపు చరిత్రలో ఆయనకు చోటు కల్పించాడు.

1670 నవంబరు 15న ఆమ్‌స్టర్‌డామ్‌లో మరణించాడు. దగ్గరలోని నార్డెన్ పట్టణంలో ఖననం చేశారు.

మరణానంతరం

చెక్ జాతీయ పునరుజ్జీవన కాలంలో చరిత్రకారుడు పలాట్స్కీ వంటివారు కొమీనియస్‌ను మళ్ళీ వెలుగులోకి తెచ్చారు. 1892లో త్రిశత జయంతిని పలు దేశాలలో జరిపారు. ఆయన పుట్టినరోజు మార్చి 28ని చెక్ రిపబ్లిక్‌లోను, స్లొవేకియాలోను ఉపాధ్యాయ దినోత్సవంగా పాటిస్తారు. రెండు వందల కొరూనాల చెక్ నోటుపై ఆయన చిత్రం ఉంది. 1992లో యునెస్కో, చెక్ ప్రభుత్వం కలిసి విద్యారంగ కృషికి కొమీనియస్ పతకాన్ని నెలకొల్పాయి. ఐరోపా సమాఖ్య 1995 నుంచి 2013 వరకు పాఠశాలల కోసం నడిపిన కార్యక్రమానికి ఆయన పేరే పెట్టింది.

జీవితాంతం రాస్తూ పూర్తిచేయలేకపోయిన ఏడు భాగాల మహాగ్రంథం, మానవ వ్యవహారాల సంస్కరణపై ఆయన రాసినది, పోయిందనే చాలాకాలం అనుకున్నారు. దాని రాతప్రతులు 1930లలో జర్మనీలోని హాలె నగరపు అనాథాశ్రమ గ్రంథాలయంలో చిజెవ్‌స్కీ అనే పండితుడికి దొరికాయి. సంపూర్ణ గ్రంథం 1966లో ప్రాగ్‌లో వెలువడింది. తెలుగువారికి ఈ హాలె పరిచయమైన పేరే. తెలుగు వ్యాకరణం రాసిన బెంజమిన్ షుల్జ్ భారతదేశం నుంచి తిరిగి వెళ్ళి నివసించినది అక్కడే. 1746-47 సంవత్సరాలలో తెలుగు పుస్తకాలు తొలిసారిగా అచ్చయినదీ ఆ ఊరిలోనే.

నార్డెన్‌లో కొమీనియస్ సమాధి ఉన్న చిన్న ప్రార్థనామందిరాన్ని 1937లో స్మారకంగా తీర్చిదిద్దారు. పక్కనే ఆయన పేరిట మ్యూజియం ఉంది.